ఆరు నెలలు నిలిచిన కారు

తార్నాక,
శ్రావణ మాసం

ప్రియమైన పాఠక మిత్రులకు,

వానలు మొదలైన దగ్గర్నుంచి మీ ఉత్తరాల్లో ఒకే ప్రశ్న రకరకాలుగా కనిపిస్తోంది. అబ్బాయి దగ్గరికో అమ్మాయి దగ్గరికో అమెరికా వెళ్లి, ఆరు నెలలుండి తిరిగొచ్చారు. సెల్లార్‌లో కారు మీద కవరు తీసి తాళం తిప్పితే సెల్ఫ్ తీసుకోలేదు. వాచ్‌మన్ పిలుచుకొచ్చిన మెకానిక్ బానెట్ ఎత్తి చూసి, "బ్యాటరీ పోయింది సార్, కొత్తది వేయాలి" అన్నాడు. వేయించాలా, ఆగాలా? నాచారం నుంచి ఒకరు, విద్యానగర్ నుంచి ఒకరు, గుంటూరు నుంచి ఇంకొకరు ఇదే అడిగారు. విడివిడిగా రాసే బదులు ఈసారి ఉత్తరం మొత్తం దీనికే ఇస్తున్నాను.

మా హైదరాబాదు తార్నాక వాళ్లకు ఈ ఇబ్బంది బాగా తెలుసు. ఒక పక్క ఉస్మానియా యూనివర్సిటీ, ఇంకో పక్క ఐఐసీటీ, సీసీఎంబీ, ఎన్జీఆర్ఐ, జాతీయ పోషకాహార సంస్థ లాంటి పరిశోధన సంస్థలు. వీటిలో పనిచేసి, ఈ చుట్టుపక్కలే ఇల్లో ఫ్లాటో ఏర్పరచుకుని రిటైరైన వాళ్లు మా వీధుల్లో ఇంటికొకరుంటారు. పిల్లల్ని బాగా చదివించారు, పిల్లలు దూరం వెళ్లారు. విజిటర్ వీసా మీద వెళ్తే మామూలుగా ఒక విడతకు ఆరు నెలల దాకా ఉండనిస్తారు కాబట్టి కారు కూడా ఆరు నెలలు నిలిచిపోతుంది. ఊళ్లో ఉన్నవాళ్ల కార్లు కూడా మునుపటిలా తిరగడం లేదు. 2017 నవంబరులో నాగోలు, మియాపూర్‌ల మధ్య మెట్రో మొదలయ్యాక అమీర్‌పేట దాకా వెళ్లే పనికి కారు తీసేవాళ్లు తగ్గారు. క్యాంపస్ క్వార్టర్లలో వేసవి సెలవులకు సొంతూరు వెళ్లే అధ్యాపకులదీ అదే పరిస్థితి. 2020 మార్చిలో లాక్‌డౌన్ వచ్చినప్పుడైతే దేశమంతా ఈ సమస్య ఒకేసారి చూసింది.

నేను చెప్పదలచుకున్నది ఒకటే. డబ్బు తీసే ముందు బండి చప్పుడు వినండి. ఎక్కడ తేడా వచ్చిందో ఆ చప్పుడే చాలావరకు చెప్పేస్తుంది. దీనికి మెకానిక్ చదువు అక్కర్లేదు, కాస్త ఓపిక చాలు. అరవై, డెబ్బై దాటిన దంపతులు కారు కదలక, ఎవరిని నమ్మాలో తెలియక, ఆస్పత్రికి వెళ్లాల్సిన రోజు ఆటో కోసం రోడ్డు మీద నిలబడటం నేను చూశాను. అందుకే ఇంత వివరంగా రాస్తున్నాను.

తాళం తిప్పక ముందు చేయాల్సిన పని ఒకటుంది. బానెట్ ఎత్తి, టార్చి వేసి లోపల అంతా చూడండి. క్యాంపస్‌లో, తార్నాక వీధుల్లో చెట్లు ఎక్కువ, ఎలుకలూ పందికొక్కులూ ఎక్కువే. కదలని ఇంజను వాటికి గాలీ వానా తగలని చోటు. ఎండుటాకులు, గుడ్డపీలికలు, కొబ్బరి పీచు తెచ్చి గూడు పెడతాయి. ఎయిర్ ఫిల్టర్ డబ్బా వాటికి మరీ ఇష్టం. క్లిప్పులు తీసి దాని మూత కూడా ఎత్తి చూడండి. ఎక్కడైనా వైరు పైతొడుగు కొరికి రాగి కనిపిస్తుంటే తాళం తిప్పకుండా ఎలక్ట్రీషియన్‌ను పిలవండి. తెగిన వైర్లు ఒకదానికొకటి తగిలితే ఫ్యూజు పోవడంతో ఆగొచ్చు, మంట దాకా పోవచ్చు కూడా. వానాకాలంలో పాము కూడా ఉండొచ్చు. చెయ్యి పెట్టే ముందు కర్రతో ఒకసారి కదిపి చూడటం మంచిది. చెట్టు కింద పెట్టిన బండయితే వైపర్ల దగ్గర పేరుకున్న ఆకులు తీసేయండి. నీళ్లు పోయే దారి మూసుకుపోతే వాన నీరు కాళ్ల దగ్గరికి దిగుతుంది, అక్కడుండే కనెక్షన్లు తడుస్తాయి.

ఇప్పుడు తాళం తిప్పండి. ఆటోమేటిక్ బండయితే గేరు 'పి'లో ఉందో లేదో చూసుకోండి. మాన్యువల్ బళ్లు కొన్ని క్లచ్ పూర్తిగా తొక్కితేనే సెల్ఫ్ తీసుకుంటాయి. బటన్‌తో స్టార్టయ్యే కారులో తాళంలోని చిన్న బిళ్ల బ్యాటరీ నీరసపడితే బండి ఆ తాళాన్నే గుర్తుపట్టదు. చాలా కార్లలో తాళాన్ని స్టార్ట్ బటన్‌కు ఆనించి నొక్కితే పని జరుగుతుంది. ఆనించాల్సిన చోటు కొన్నింట్లో వేరేగా ఉంటుంది, మాన్యువల్ పుస్తకంలో చూడండి. బిళ్ల మార్చడానికి పెద్దగా ఖర్చు కాదు. మా వీధిలో ఒక మాస్టారి కారు ఈ బిళ్ల వల్లే ఆగిపోతే పెద్ద బ్యాటరీ మార్చేయబోయారు, సమయానికి ఎవరో చెప్పబట్టి ఆగారు.

డాష్‌బోర్డు మీద ఒక్క దీపం కూడా వెలగక, అంతా చీకటిగా, నిశ్శబ్దంగా ఉందంటే బ్యాటరీ పూర్తిగా దిగిపోయి ఉండాలి, లేదా టెర్మినల్ వదులై ఉండాలి. దీపాలు వెలిగి, సెల్ఫ్ కొట్టగానే మసకబారి, 'టకటకటక' అని వరసగా చప్పుడొస్తే బ్యాటరీలో కొంచెం ప్రాణం ఉంది, మోటారు తిప్పే బలం మాత్రం లేదు. దీపాలు బాగా వెలుగుతూ 'టక్' అని ఒక్కసారే వచ్చి ఆగిపోతే అనుమానం సెల్ఫ్ మోటారు మీదికో దానికి కరెంటు అందించే సొలినాయిడ్ మీదికో దాని కనెక్షన్ల మీదికో పోవాలి. అప్పుడు కొత్త బ్యాటరీ వేసినా ఉపయోగం లేదు. ఇంజను ఎప్పటిలా చురుగ్గా తిరుగుతూ అంటుకోకపోతే ఆ దోషం బ్యాటరీది కాదు, పెట్రోలు వైపో స్పార్క్ వైపో వెతకాలి. ఈ నాలుగింటిలో మీది ఏదో చెప్పగలిగితే ఫోనులోనే మెకానిక్‌తో సగం పని అయిపోతుంది. "స్టార్ట్ కావట్లేదు" అని ఊరుకోకుండా "దీపాలు మసకబారి టకటకమంటోంది" అని చెప్పండి. అతను సరైన సామానుతో వస్తాడు.

బ్యాటరీ ఎందుకు దిగుతుందో కూడా తెలుసుకోవాలి. కారు తాళం వేసి వెళ్లిపోయినా దాని లోపలి కంప్యూటరు, గడియారం, అలారం, రిమోట్ సంకేతం కోసం కాచుకునే పరికరం కొద్దికొద్దిగా కరెంటు తీసుకుంటూనే ఉంటాయి. మంచి స్థితిలో ఉన్న కారులో ఇది సుమారు 20 నుంచి 50 మిల్లీ ఆంపియర్లు. 25 అనుకుని లెక్క వేయండి: రోజుకు 0.6 ఆంపియర్ అవర్, 60 రోజులకు 36. మన చిన్న కార్లలో చాలావాటికి ఉండే బ్యాటరీ 35 ఆంపియర్ అవర్లది. అంటే ఏ లోపమూ లేని కారు కూడా రెండు నెలల్లో బ్యాటరీని ఖాళీ చేసేస్తుంది. పూర్తిగా ఖాళీ కానక్కర్లేదు, సగం దాటి దిగితేనే సెల్ఫ్ తడబడటం మొదలవుతుంది. డాష్ కెమెరా, జీపీఎస్ లాంటివి తర్వాత బిగించుకుని ఉంటే ఇంకా త్వరగా. ఇది కాక బ్యాటరీ తనంతట తాను కూడా కొంత దిగుతుంది, వేడి పెరిగితే ఆ దిగడం వేగమవుతుంది. ఫిబ్రవరిలో విమానమెక్కి ఆగస్టులో దిగినవాళ్ల కారు మధ్యలో హైదరాబాదు మే నెల మొత్తాన్ని చూసి ఉంటుంది.

లెడ్ యాసిడ్ బ్యాటరీని ఫ్రాన్సులో గాస్తోఁ ప్లాంటే 1859లో తయారుచేశాడు. మూల సూత్రం నేటికీ అదే. ఛార్జి దిగుతున్నప్పుడు లోపలి పలకల మీద లెడ్ సల్ఫేట్ ఏర్పడుతుంది. ఆలస్యం చేయకుండా ఛార్జి పెడితే అది మళ్లీ మామూలు స్థితికి వస్తుంది. నెలల తరబడి వదిలేస్తే గట్టి స్ఫటికాలుగా పలకలను పట్టుకుని వదలదు. రసాయన శాస్త్రం తెలిసిన మా ఐఐసీటీ పెద్దలకు ఇది నేను చెప్పక్కర్లేదు గానీ, మీ ప్రశ్నకు జవాబు ఇక్కడే ఉంది. రెండేళ్ల బ్యాటరీ, రెండు నెలలు నిలిచింది అంటే ఛార్జింగ్ పెట్టిస్తే తేరుకునే అవకాశం బాగా ఉంది. నాలుగేళ్ల బ్యాటరీ, ఆరు నెలలు పూర్తిగా ఖాళీగా ఉంది అంటే మెకానిక్ చెప్పిన మాట నిజమే కావచ్చు. మన ఎండల్లో మూడు నాలుగేళ్లు పనిచేసిన బ్యాటరీ తన పని తాను చేసినట్టే. అది మెకానిక్ కాదు, బ్యాటరీ మీది తేదీ, మల్టీమీటరు తేల్చాలి.

మల్టీమీటరు కొన్ని వందల రూపాయలకు దొరుకుతుంది. ఇంట్లో ఒకటి ఉంచుకోండి. బండి ఆపి కొన్ని గంటలయ్యాక కొలిస్తే నిండు బ్యాటరీ 12.6 వోల్టుల దగ్గర చూపుతుంది. 12.4 ఉంటే ముప్పావు వంతు ఉన్నట్టు, 12.2 అయితే సగం. 12 కన్నా కిందికి పోతే దాదాపు ఖాళీ. ఇంజను నడుస్తున్నప్పుడు 13.8 నుంచి 14.4 మధ్య ఉండాలి. 12 దగ్గరే ఆగిపోతే, ఇంజను తిరుగుతుండగా కరెంటు పుట్టించే ఆల్టర్నేటర్ బ్యాటరీని ఛార్జి చేయడం లేదని అర్థం, అప్పుడు ఎన్ని బ్యాటరీలు మార్చినా నాలుగు రోజుల ముచ్చటే.

టెర్మినళ్ల మీద తెల్లగానో పచ్చగానో పొడి పేరుకుంటే ముందు మైనస్ తీసి, తర్వాత ప్లస్ తీసి, వేడినీళ్లలో వంటసోడా కలిపి పాత టూత్‌బ్రష్‌తో తోమండి. ఆరాక ప్లస్ ముందు, మైనస్ చివర బిగించి పైన వాసెలిన్ రాయండి. నీళ్లు పోసే రకం బ్యాటరీ అయితే డిస్టిల్డ్ వాటర్ మాత్రమే పోయాలి. కుళాయి నీళ్లూ వద్దు, యాసిడ్ అసలే వద్దు. ఇవన్నీ చేసేటప్పుడు కళ్లద్దాలు పెట్టుకోండి.

ఛార్జింగ్ విషయంలో తొందర పడకండి. బ్యాటరీ విప్పి షాపులో నిదానంగా, అంటే 35 ఆంపియర్ అవర్ల దానికి మూడు మూడున్నర ఆంపియర్ల చొప్పున, రాత్రంతా పెట్టించండి. తీసిన తర్వాత ఇంకో రాత్రి ఊరికే వదిలి కొలవండి. 12.5 పైన నిలబడితే దాన్ని వాడుకోవచ్చు. జారిపోతే మార్చేయండి. షాపులో లోడ్ టెస్ట్ కూడా చేయమనండి, అది చేయడానికి నిమిషం పట్టదు. సెల్లార్‌లో ఉన్న బండికి ఈ పద్ధతే మేలు. టోయింగ్ లారీలు చాలా సెల్లార్లలోకి దిగలేవు.

అర్జెంటుగా బండి తీయాల్సి వస్తే పక్కింటి వాళ్ల కారు తెచ్చి జంప్ స్టార్ట్ చేయవచ్చు. ఇందులో వరస ముఖ్యం. రెండు బళ్లూ ఒకదానికొకటి తగలకూడదు, రెండూ ఆపి ఉండాలి. ఎర్ర కేబులు ముందు మీ బ్యాటరీ ప్లస్‌కు, తర్వాత పక్కింటి బ్యాటరీ ప్లస్‌కు. నల్ల కేబులు పక్కింటి బ్యాటరీ మైనస్‌కు, దాని రెండో కొస మీ ఇంజనులో రంగు లేని గట్టి ఇనుప భాగానికి, బ్యాటరీకి దూరంగా. బ్యాటరీ దగ్గర హైడ్రోజన్ వాయువు ఉండొచ్చు, చివరి కొస తగిలించినప్పుడు నిప్పురవ్వ రావడం మామూలే, అందుకే ఆ దూరం. పక్కింటి బండి స్టార్ట్ చేసి నాలుగైదు నిమిషాలు ఆగి, అప్పుడు మీది ప్రయత్నించండి. స్టార్టయ్యాక తగిలించిన వరసకు సరిగ్గా తిరగేసి తీయండి. ప్లస్, మైనస్ తారుమారైతే బండిలోని కంప్యూటరు కాలిపోవచ్చు, దాని ఖరీదు బ్యాటరీ కన్నా ఎన్నో రెట్లు ఎక్కువ.

తోసి స్టార్ట్ చేయమని సలహా ఇచ్చేవాళ్లు ఇప్పటికీ ఉన్నారు. ఒకప్పుడు అది సరైన సలహాయే. అంబాసిడర్ కారులో ముందు నుంచి హ్యాండిల్ పెట్టి తిప్పే ఏర్పాటు కూడా ఉండేది. చౌమహల్లా ప్యాలెస్‌లో పసుపు రంగు రోల్స్‌రాయిస్ చూసే ఉంటారు. దాన్ని ఆరో నిజాం మహబూబ్ అలీ ఖాన్ తెప్పించమన్నారు. బండి రాకముందే 1911లో ఆయన కన్నుమూశారు. కొడుకు ఉస్మాన్ అలీ ఖాన్, అంటే మన యూనివర్సిటీని స్థాపించిన ఏడో నిజాం, ఊరేగింపులకు వాడుకున్నారు. మొత్తం మీద నాలుగు వందల మైళ్లు కూడా తిరగలేదంటారు. దశాబ్దాల పాటు నిలిచిపోయి, తర్వాత బాగుచేయించుకున్న కారు అది. నిలిచిన కార్ల చరిత్రలో మన ఊరికి ఇంతకన్నా పెద్ద ఉదాహరణ లేదు. ఆ కాలపు బళ్లను చేత్తో తిప్పి లేపాల్సిందే. చార్లెస్ కెటరింగ్ తయారుచేసిన ఎలక్ట్రిక్ సెల్ఫ్ స్టార్టర్ మొదటిసారి క్యాడిలాక్ కారులో వచ్చింది 1912 మోడల్‌తోనే. ఇప్పటి కార్లలో పెట్రోలు పంపుకూ ఇంజెక్టర్లకూ స్పార్క్‌కూ అన్నింటికీ బ్యాటరీయే ఆధారం. అది పూర్తిగా చచ్చి ఉంటే ఎంతమంది తోసినా ఉపయోగం లేదు. ఆటోమేటిక్ బండికి తోయడం అసలే పనికిరాదు. పైగా ఇంజను ఆగి ఉన్నప్పుడు స్టీరింగ్, బ్రేకు రెండూ బిగుసుకుంటాయి. పెద్దవాళ్లను స్టీరింగు దగ్గర కూర్చోబెట్టి సెల్లార్ వాలు మీద బండి తోయించే పని దయచేసి చేయొద్దు.

ఇంజను బాగా తిరుగుతూ అంటుకోని సందర్భానికి వద్దాం. ముందు డాష్‌బోర్డు మీద తాళం బొమ్మ వెలుగుతోందా, మిణుకుమంటోందా చూడండి. అదైతే దొంగతనాన్ని అడ్డుకునే ఇమ్మొబిలైజర్ మీ తాళాన్ని ఒప్పుకోవడం లేదు, రెండో తాళంతో ప్రయత్నించండి. అది కాకపోతే కిటికీలు మూసి, తాళాన్ని 'ఆన్' దాకా తిప్పి ఆపండి. పెట్రోలు బళ్లలో వెనక సీటు వైపు నుంచి రెండు సెకన్ల పాటు సన్నటి గుంయ్‌మనే చప్పుడు వినిపించాలి, అది పెట్రోలు పంపు. వినిపించకపోతే పంపు ఫ్యూజు చూడాలి. వినిపిస్తే అలా ఆన్, ఆఫ్ రెండు మూడుసార్లు చేసి అప్పుడు సెల్ఫ్ కొట్టండి. పది సెకన్లకు మించి ఒక్క ఊపున కొట్టకండి, మధ్యలో నిమిషమైనా విరామం ఇవ్వండి. పెట్రోలు వాసన గుప్పుమంటే ఇంజనులో ఎక్కువ పడిందన్నమాట. చాలా బళ్లలో యాక్సిలరేటర్ పూర్తిగా తొక్కి సెల్ఫ్ కొడితే పెట్రోలు ఆగి గాలి మాత్రమే లోపలికి పోతుంది, ఇంజను తేరుకుంటుంది. మన బంకుల్లో ఇప్పుడు మామూలుగా పోసే పెట్రోలులో 20 శాతం దాకా ఇథనాల్ ఉంటుంది. అది తేమను పీల్చుకుంటుంది, ట్యాంకు అడుగంటి ఉంటే ఇంకా ఎక్కువ. ఆరు నెలల పెట్రోలుతో చాలా బళ్లు స్టార్టవుతాయి. స్టార్టయ్యాక తడబడుతుంటే నేరుగా బంకుకు వెళ్లి తాజా పెట్రోలు పోయించండి. డీజిల్ బండయితే పైపుల్లో గాలి చేరి ఉండొచ్చు, ఎయిర్ తీయడం మెకానిక్ పని.

బండి స్టార్టయినా కదలకపోతే హ్యాండ్ బ్రేకు వేసి వదిలేసినందుకు వెనక బ్రేకు షూలు డ్రమ్ములకు పట్టుకుపోయి ఉండొచ్చు. ముందుకూ వెనక్కూ కొద్దిగా ఆడిస్తే చాలాసార్లు వదులుతాయి. వదలకపోతే గట్టిగా లాగకండి, చక్రం విప్పించండి. టైర్లలో గాలి నింపుకున్నాకే రోడ్డెక్కండి. మొదటి కాసేపు బ్రేకుల్లో గరగర వినిపిస్తే అది డిస్కుల మీది తుప్పు, నిదానంగా నడుపుతూ నాలుగుసార్లు బ్రేకు వేస్తే పోతుంది. స్టార్టయింది కదా అని ఇంటి ముందే పది నిమిషాలు ఇంజను ఆన్ చేసి ఉంచడం బ్యాటరీకి పెద్దగా మేలు చేయదు. ఉప్పల్ మీదుగా ఘట్‌కేసర్ వైపు అరగంట, ముప్పావుగంట నడిపి రండి. పూర్తిగా దిగిన బ్యాటరీని నింపే బాధ్యత మాత్రం ఆల్టర్నేటర్ మీద వేయకండి, ముందు ఛార్జర్ మీద పెట్టించండి.

ఇక ఈ దసరాకో సంక్రాంతికో వెళ్లబోయేవాళ్లకు. నెలకు మించి వెళ్తుంటే బ్యాటరీ మైనస్ టెర్మినల్ విప్పి, కొసకు గుడ్డ చుట్టి పక్కకు పెట్టండి. రేడియోకు కోడ్ ఉంటే ముందే రాసుకోండి. బ్యాటరీ విప్పాక రిమోట్ పనిచేయదు, తలుపు తీయడానికి అసలు తాళంచెవి కావాలి. డిక్కీలో ముఖ్యమైనవేవీ ఉంచకండి. ట్యాంకు నింపండి. టైర్లలో గాలి రెండు మూడు పాయింట్లు ఎక్కువ పెట్టించండి. హ్యాండ్ బ్రేకు వేయకుండా మొదటి గేరులో ఉంచి, చక్రాల కింద రాళ్లు పెట్టండి. ఆటోమేటిక్ అయితే 'పి'లో. బిస్కెట్ ముక్క కూడా లేకుండా లోపల శుభ్రం చేయించండి, చెత్తకుండీకి దూరంగా నిలపండి. ఎలుకలకు పొగాకు, నాఫ్తలీన్ ఉండలు పెట్టేవాళ్లున్నారు. వాసన తగ్గగానే అవి తిరిగొస్తాయి కాబట్టి వారానికోసారి బానెట్ ఎత్తి చూసే మనిషి ఉంటేనే మంచిది. నమ్మకమైనవాళ్లు ఎవరైనా ఉంటే బ్యాటరీ విప్పకుండా తాళమే ఇచ్చి, పది పదిహేను రోజులకోసారి క్యాంపస్ దాకా కాదు, ఇంకా దూరం, అరగంట తిప్పమనండి. ఇన్సూరెన్సు, పొల్యూషన్ సర్టిఫికెట్ గడువులు మీరు లేనప్పుడు ముగుస్తాయేమో చూసుకోండి. పాలసీలో రోడ్డు పక్క సహాయం ఉంటే ఆ ఫోన్ నంబరు ఫ్రిజ్ తలుపు మీద అతికించండి. అది ఉండి కూడా చాలామంది వాడుకోవడం లేదు.

గుంటూరు పాఠకురాలికి ఒక మాట. మీరు రాసిన 'టక్' అనే ఒక్క చప్పుడు, వెలుగు తగ్గని దీపాలు చూస్తే మీ బ్యాటరీ బాగానే ఉందనిపిస్తోంది. కొత్తది కొనకండి. సెల్ఫ్ మోటారు దగ్గరి వైరింగ్, ఎర్త్ కనెక్షన్ ముందు చూపించండి. ఏమని తేలిందో రాయండి. మిగతావాళ్లు రాసేటప్పుడు కారు ఏ ఏడాదిది, ఎన్నాళ్లు నిలిచింది, బ్యాటరీ మీద ఏ తేదీ ఉంది, తాళం తిప్పితే ఏ చప్పుడొచ్చింది, ఈ నాలుగూ తప్పకుండా రాయండి.

మీ శ్రేయస్సు కోరే,
తార్నాక మిత్రుడు